కట్ట మీద మిరియాలు

లింగన్న కట్టను నేను కాపాడానని ఒక కథ ప్రచారంలో ఉంది. కొత్తగా చేరిన ఇంజనీర్ల శిక్షణ తరగతుల్లో దాన్ని తెర మీద బొమ్మలేసి మరీ చెప్తున్నారట. ఆ కథలో నేను జీపులోంచి దూకుతాను, చెయ్యెత్తి ఆజ్ఞాపిస్తాను, తూము లేస్తుంది, గూడెం బతుకుతుంది. పేపరువాళ్లు ఇంకాస్త ముందుకెళ్లి "అప్రమత్తమైన అధికారులు" అని రాశారు. ఆ రోజు నాతో సహా అప్రమత్తంగా ఉన్న అధికారి ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు. గూడెం పాస్టరు గారు ప్రార్థన ఫలించిందంటారు. కట్ట యజమాని లింగన్న మాత్రం మా అయ్య పోసిన మట్టి అలాంటిదంటాడు.

వీటిలో ఏదీ నిజం కాదు. ఆ కట్టను నిలబెట్టింది రోడ్డుకు అడ్డంగా పెట్టిన ఒక వెదురు బొంగు, దాని వెనక నిలబడ్డ ఆడవాళ్లు. నేను పక్కన నిలబడి ఉన్నాను. జీపులోంచి దూకలేదు కూడా. అప్పటికే నా మోకాళ్లు దూకే స్థితిలో లేవు.

నీటిపారుదల శాఖ ఉద్యోగం వదిలేశాక ఇది రాయడానికి కారణం ఒక్కటే. నా బొమ్మ చూసి, కొత్తగా చేరిన మీరు కూడా చెయ్యెత్తి ఆజ్ఞాపించబోతారేమోనని భయం. మన్యంలో చెయ్యెత్తితే బస్సు కూడా ఆగదు.

ప్రైవేటు కట్ట అంటే

"ప్రైవేటు డ్యాము యజమాని" అనగానే మీ కళ్ల ముందు ఒక మీసాల ఆసామి ప్రత్యక్షమవుతాడని నాకు తెలుసు. పాడేరు కొండల్లో అలాంటివాడు దొరకడు. ఇక్కడి భూమి గిరిజనులది, బయటివాళ్లు కొనడానికి చట్టం ఒప్పుకోదు. ఇక్కడ డ్యాము యజమాని అంటే కాస్త కాఫీ, కాస్త రాజ్‌మా, ఇంటికి సరిపడా చోడి, అంటే రాగి, వేసుకునే రైతు. వాళ్ల నాన్నో తాతో రెండు కొండల మధ్య గెడ్డకు, అంటే కొండవాగుకు, అడ్డంగా చుట్టాలందరినీ పిలిచి, అన్నం పెట్టి, జీలుగు కల్లు పోసి, మట్టి మోయించి ఉంటాడు. డిజైను ఆయన కంటిచూపు. కొలత ఆయన పారచేయి. అలా కట్టినవి చాలావరకు మనం టెండర్లు పిలిచి కట్టినవాటికంటే ఎక్కువకాలం నిలిచాయి. ఈ మాట ఆఫీసులో అన్నందుకు నాకు మెమో వచ్చింది.

అయితే అవి వాటంతటవే నిలవవు. మట్టికట్ట పెంపుడు జంతువు లాంటిది. ఎలుక బొరియ పెట్టినా, ఎద్దు దిగి అంచు విరిచినా, మిగులు నీరు పోయే అలుగుకు చేపల కోసం ఎవరో తడక కట్టినా, ఎవరో ఒకరు చూసుకోవాలి. కట్టినవాడు చూసుకున్నాడు. కొడుకుకు వారసత్వంగా నీరు వచ్చింది, ఆ చూపు రాలేదు.

జి.మాడుగుల వైపు ఉన్న లింగన్న కట్టకు పట్టిన రోగం ఇంకా విచిత్రమైనది. మైదానంలో దాన్ని మీరు చూడలేరు. ఇక్కడివాళ్లకు వాలు కనిపిస్తే చాలు, కాఫీ మొక్క పెడతారు. కాఫీకి నీడ కావాలి కాబట్టి సిల్వర్ ఓక్ చెట్టు నాటుతారు. చెట్టు ఊరికే నిలబడి ఏం చేస్తుందని దాని మీదికి మిరియం తీగ ఎక్కిస్తారు. మూడు పంటలు, ఒకే జాగా. తెలివైన పద్ధతి, నాకూ ఇష్టమే. కాకపోతే లింగన్న కళ్లకు కట్ట వెలుపలి వాలు కూడా ఒక వాలే. తండ్రి పోయాక దాన్నంతా తోట చేసేశాడు. కింద నిలబడి చూస్తే అది డ్యాము అని చెప్పినా నమ్మరు. పచ్చగా, చల్లగా, ఫోటో దిగాలనిపించేలా ఉండేది. పర్యాటకులు దిగేవాళ్లు కూడా. వాళ్ల తలలపైన, చెట్ల వెనకాల, ఒక చెరువంత నీరు నిలబడి ఉందని వాళ్లకెవరూ చెప్పలేదు.

"చెట్ల వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి కదా మేడమ్?" అని మీలో ఎవరో అడుగుతారు. ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. బతికున్న వేరు పట్టుకుంటుంది నాయనా. చచ్చిన వేరు కుళ్లుతుంది. కుళ్లిన చోట గొట్టం మిగులుతుంది. నీటికి గొట్టం దొరికితే అది ఊరుకోదు, పోతూపోతూ మట్టిని కూడా వెంటబెట్టుకు పోతుంది. లోపల సొరంగం పెరుగుతుంటుంది, పైన మిరియాలు కాస్తుంటాయి.

వరదకు వేరే శాఖ ఉంది

ఆ కట్ట మీది చెట్ల సంగతి మొదటిసారి మా పై అధికారికి చెప్పినప్పుడు జరిగిన సంభాషణ ఇది. ఆయన పేరు రాయను. రాసినా మీరు ఇంకొకరనుకుంటారు, ఆ రకం అంత విస్తారంగా ఉంది.

"రత్నం గారూ, అది మన రిజిస్టర్లో ఉందా?"

"లేదండి, ప్రైవేటుది."

"రిజిస్టర్లో లేకపోతే అది మనకు కట్ట కాదు. గట్టు."

"తెగితేనండి?"

"తెగితే అది గట్టు కూడా కాదు, వరద. వరదకు వేరే శాఖ ఉంది."

ఆయన చెడ్డవాడు కాదు. మా అమ్మాయి జబ్బు పడినప్పుడు అడగకుండానే సెలవిచ్చాడు. తన సంతకం కింద ఏదీ తెగకూడదన్నది ఒక్కటే ఆయన జీవితాశయం. దాని కోసం ఏ కట్ట దగ్గరికీ వెళ్లకుండా సర్వీసు ముగించాడు. ఒక్కసారి మాత్రం వెళ్లాడు. ఒక చెరువు కట్ట అడుగున నీరు ఊరుతుంటే, అక్కడ సిమెంటు పూయించి, పూత ముందు నిలబడి ఫోటో దిగాడు. తర్వాతి వానలకు నీరు ఆ పూతకు రెండు బారల అవతల నుంచి వచ్చింది. నీటికి నోరు మూస్తే చెవిలోంచి వస్తుంది. ఊట కనబడితే మూయకండి. ముందు ఇసుక, దాని మీద గులకరాయి పరిచి, నీటిని పోనిచ్చి మట్టిని ఆపండి. ఇది పుస్తకంలో ఉంది. పుస్తకం మాత్రం బీరువాలో ఉంటుంది.

టీ మడ్డి

అది ఇటుకల పండుగ వారం. ఎండాకాలం మొదట్లో వచ్చే ఈ పండక్కి మగవాళ్లు వేటకని కొండెక్కుతారు, ఉత్తచేతులతో దిగితే ఆడవాళ్ల చేత పేడనీళ్లు కొట్టించుకుంటారు. ఆడవాళ్లు రోడ్ల మీద బొంగులు అడ్డం పెట్టి, వచ్చేపోయే బండ్లను ఆపి, పాడి, ఆడి, పండగ పన్ను వసూలు చేస్తారు. నేను వేరే పని మీద అటు పోతూ, మా డ్రైవరుకు టీ కావాలంటే లింగన్న ఇంటి దగ్గర ఆగాను.

లింగన్నకు అరవై దాటి ఉంటాయి. మనిషి సన్నం, మాట లావు. గాజు గ్లాసులో టీ ఇచ్చాడు. తాగుతూ కట్ట దిగువకు నడిచాను. అక్కడ కాఫీ ఆకులు, ఓక్ ఆకులు కలిసి పరుపులా ఉన్నాయి. ఆ పరుపు కింద ఏముందో కనబడదు, అదే అసలు ప్రమాదం. చెప్పుతో ఆకులు పక్కకు తీస్తుంటే ఒకచోట కాలు చల్లగా దిగింది. పక్కనే నరికిన చెట్టు మోడు. లింగన్న కొన్ని ఓక్ చెట్లను కలపకు అమ్మేసి, మోళ్లు అలాగే వదిలేశాడు. ఆ మోడు మొదట్లోంచి నీరు వస్తోంది. వేలెడు ధార.

గ్లాసు కడిగి ఆ నీరు పట్టాను. మోడు మీద పెట్టాను. మీకు నేర్పగలిగిన పరీక్షల్లో ఇంతకంటే చవకైనది లేదు. కట్ట కింద నుంచి తేటనీరు కారితే కంగారుపడకండి, ప్రతి మట్టికట్టా కాస్త చెమటోడుస్తుంది. గ్లాసు అడుగున మట్టి పేరుకుంటే మాత్రం కట్ట లోపలి నుంచి కరిగిపోతోందని అర్థం.

నా వెనకే దిగి వచ్చిన లింగన్నతో వాదిస్తుండగానే గ్లాసు అడుగున ఎర్రగా పేరుకుంది.

"చూడు లింగన్నా."

వంగి చూశాడు. "అది టీ మడ్డి."

"కడిగాను."

"సరిగ్గా కడగనేదు నువ్వు."

"లింగన్నా, నీటిమట్టం దించాలి. ఇవాళే మొదలెట్టాలి. గాలివాన ఒక్కటి పడితే గెడ్డ పొంగుతుంది, కట్ట నిండుతుంది. ఈ కన్నం ఊరుకోదు."

"ఇయ్యాల నీరొగ్గేత్తే కాఫీకి పూత ఏది? జల్లు పడనేదు, ఈ నీరే తడి. పూత నేకపోతే యేడాదంతా నానేటి కోత్తాను? ఆకులా?"

"గూడెం కింద ఉంది."

"మా అయ్య బతికున్న కాడి నుంచీ కిందే ఉంది. కట్ట నాది, నీరు నాది. గవర్నమెంటు బిందెతో తెచ్చి పోసిందేటి?"

పోయలేదు. ఆయన చేత తూము ఎత్తించే అధికారం నాకుందో లేదో కూడా నాకు తెలియదు. ఫోన్ సిగ్నల్ దొరికే మలుపు దాకా ఎక్కి మా ఆఫీసుకు చేస్తే, "ప్రైవేటుదా? సోమవారం చూద్దాం" అన్నారు. రెవెన్యూ వాళ్లకు చేస్తే మీ శాఖదేనన్నారు. కొండల మీద ఆ మధ్యాహ్నం మబ్బు అప్పుడే నల్లబడుతోంది. నాకు ఒళ్లు మండి, గ్లాసు తిరిగి ఇవ్వకుండానే జీపెక్కాను. దారంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని అరచేత్తో మూసుకుని వచ్చాను.

వెదురు బొంగు

గూడెం దగ్గర బొంగు అడ్డం పడింది. డప్పు, నవ్వులు, తలల్లో పూలు. ముందు నిలబడ్డ మనిషి చిలకమ్మ. కట్ట దిగువన మొదటి ఇల్లు ఆమెదే. లింగన్న మేనల్లుడి భార్య కాబట్టి ఆయన్ను మావా అని పిలుస్తుంది, ఆ వరసకున్న హక్కులన్నీ వాడుకుంటుంది.

"ఏటి మేడమ్మా, పండగ పూట మొకం అలగెట్టినావు? పన్ను కట్టి నవ్వుకుంటా ఎల్లు."

"నవ్వే స్థితిలో లేను చిలకమ్మా. ఇది చూడు. మీ కట్ట కింద పట్టిన నీళ్లు. మీ మావ టీ మడ్డి అంటున్నాడు."

చిలకమ్మ గ్లాసు తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది, వాసన చూసింది.

"మావింట్లో టీలో ఎర్రమట్టేత్తారేటి? ఇది మా ఊటగుంట నీరునాగుంది. కట్టకింద గుంటలో మేం తాగే నీరు కూడా ఈ మజ్జన ఇలాగే వత్తంది. ఈ గుంటపిల్లలు అందులో కాళ్లు కడుగుతన్నారని నాను రోజూ తిడతన్నాను."

వెనక నుంచి ఒక అమ్మాయి అందుకుంది. "సూసినావా! ఊరికే మమ్మల్ని తిట్టినావు!"

"అయితే ఇప్పుడు మావని తిడతాన్లే. మేడమ్మా, సెప్పు. ఏటవుద్ది?"

చెప్పాను. వేరు, గొట్టం, వాన, కట్ట, గూడెం. డప్పు ఆగిపోయింది. ఎవరో మగవాళ్లను కొండ దిగి రానిద్దామన్నారు.

"ఆళ్లొచ్చి ఏటి సేత్తారు?" అంది చిలకమ్మ. "వేట దొరక్కపోతే మనమే పేడనీళ్లు కొట్టాల. దొరికితే తాగి తొంగుంటారు."

ఆమె ఇంకా ఏదో అనబోతుండగా పైనుంచి ఇంకో జీపు దిగింది. మిరియాల బస్తాలు, వాటి ముందు సీట్లో లింగన్న. పాడేరులో షావుకారు ఎదురుచూస్తున్నాడు. బొంగు చూసి లింగన్న నవ్వుతూ జేబులోంచి నోటు తీశాడు.

"నోటొద్దు మావా."

"మరేటి? కోడా?"

"తూమెత్తు."

లింగన్న నవ్వు పోయింది. నన్ను చూశాడు. "ఈ మేడమ్మ నూరిపోసిందా?"

నేను నోరు తెరిచాను. నా నోరు తెరుచుకుంటే ఏమవుతుందో మా శాఖలో అందరికీ తెలుసు. చిలకమ్మ వెనక్కి తిరగకుండానే, "నువ్వూరుకో మేడమ్మా, ఇది మా ఇంటి గొడవ," అంది. ఊరుకున్నాను. నా సర్వీసులో ఎవరైనా నాకిచ్చిన సలహాల్లో ఇదే ఉత్తమమైనది.

"కట్ట నాదే," అన్నాడు లింగన్న.

"నీదే మావా. ఎవులు కాదన్నారు? మేక నీదైతే తాడు కూడా నీదే గదా? మా ఇంట్లోకి రాకుండా కట్టేసుకో."

జీపు డ్రైవరు పకపకా నవ్వాడు. లింగన్న వాడి వైపు చూస్తే ఆపేశాడు.

"బొంగు తియ్యి. బేరం పోద్ది."

"పండగ పూట బొంగు గెంటుకుని ఎల్లిన బండి ఈ దారిలో నేదు. నువ్వెల్తే నువ్వే మొదలు. ఎల్తావేటి?"

ఇక్కడ మీరు ఒకటి అర్థం చేసుకోవాలి. ఆ బొంగును పిల్లాడైనా ఎత్తి పక్కన పారేయగలడు. లింగన్న పారేయలేదు. చట్టానికి భయపడని మనిషి, నా ఇంజనీరింగును టీ మడ్డి అన్న మనిషి, ఆ బొంగును ముట్టుకోలేదు. దాన్ని దాటితే రేపు పెళ్లికీ చావుకీ ఎవరూ తన గడప తొక్కరు.

చేతిలోని నోటు జేబులో పెట్టుకుని మెల్లగా అన్నాడు. "పూత పోద్దే, సిలకా."

"పోద్ది మావా. తెలుసు. గొట్టాలు మోత్తాం. బిందెల్తో పోత్తాం."

"బిందెల్తో తోట తడుత్తాదేటి?"

"తడవదు. అయినా పోత్తాం."

లింగన్న జీపు దిగాడు.

బేగి కాదు, మెల్లగా

తూముకు కర్ర బిరడా ఉంది, పొడవాటి గెడకు బిగించినది. "బేగి లాగేయ్ మావా!" అని ఆడవాళ్లంతా అరుస్తున్నారు. నా ఉద్యోగం అవసరమైంది అప్పుడొక్కసారే. బేగి లాగితే కట్ట ఇంకో రకంగా పోతుంది. నానిన మట్టికి చెరువు వైపున్న నీటి ఆసరా ఒక్కసారిగా తీసేస్తే లోపలి వాలు జారి కూర్చుంటుంది. కొద్దిగా ఎత్తించి, సందులో రాయి పెట్టించాను. మోడు మొదట్లో ఇసుక, గులకరాయి పరిపించాను. నీరు రోజుల తరబడి మెల్లగా దిగింది. దిగే నీటిని వృథా పోనివ్వకుండా లింగన్న డీజిల్ పంపు పెట్టి అందినంత కాఫీకి ఎక్కించాడు. గూడెం ఆడవాళ్లు గొట్టాలు మోశారు, బిందెలతో కూడా పోశారు. మిరియాల జీపు మర్నాడే కదిలింది, చిలకమ్మే బొంగు ఎత్తింది.

నీరు దిగాక ఆ మోడు తవ్వించాం. మోడు ఊడి రాగానే లోపలికి కన్నం కనబడింది. ఎవరూ అడగకుండానే లింగన్న బోర్లా పడుకుని చెయ్యి పెట్టాడు. భుజం దాకా పోయింది. చెయ్యి తీయకుండా అలాగే కాసేపు పడుకుని ఉండిపోయాడు.

లేచి మట్టి దులుపుకుని, "మిగతా సెట్లు నానే నరుకుతాను," అన్నాడు. వేళ్లతో సహా తీయించాం. వాలును మెట్లుమెట్లుగా కోసి, తడిపిన బంకమట్టి పలచని పొరలుగా వేసి, దిమ్మిసలతో కొట్టించాం. మిరియం తీగలన్నీ పోయాయి. ఆ పని సగంలో ఉండగానే ఒక సాయంత్రం గాలివాన విరుచుకుపడింది. నీరు కట్ట నడుము దాకా వచ్చి ఆగింది. నిండు కట్ట మీద ఆ వాన పడి ఉంటే ఏమయ్యేదో నేను ప్రమాణం చేసి చెప్పను. తెగని కట్ట గురించి ప్రమాణం చేసే ఇంజనీరును మీరూ నమ్మకండి.

లింగన్న అడిగింది

శిక్షణ తరగతుల్లో కథ ఇక్కడితో ఆగుతుంది, చప్పట్లు కొడతారు. తర్వాత జరిగింది నేను చెప్తాను.

పంపు అందిన కింది తోట పూసింది. పై తోట పూయలేదు. తర్వాతి కోతల నాటికి లింగన్న ఇంట్లో మిరియాలూ లేవు, సగం కాఫీ లేదు. ఆయనకేమైనా ఇప్పిద్దామని నేను ఆఫీసుల చుట్టూ తిరిగాను. చివరికొక కుర్ర అధికారి, మర్యాదస్తుడే, నాకు కుర్చీ వేసి అసలు సంగతి చెప్పాడు.

"కట్ట తెగి ఉంటే పంటనష్టం కింద చూసేవాళ్లం మేడమ్. తెగలేదు కదా."

"తెగకుండా చూసుకున్నాడు కాబట్టే నష్టపోయాడు బాబూ."

"దానికి మా దగ్గర పద్దు లేదండి."

ఉద్యోగం వదిలేశాక మొన్న పాడేరు సంతలో లింగన్న కనిపించాడు. కట్ట ఎలా ఉందంటే, గడ్డి తప్ప ఏమీ మొలవనివ్వట్లేదన్నాడు. టీ ఇప్పించాడు. నేను తాగడం ముగించాక, గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, అడుగున చూసి నవ్వాడు.

"మేడమ్మా, ఒగటడుగుతాను. నువ్వు ఇప్పుడు ఆఫీసోళ్ల మనిసివి కావు గదా, నిజం సెప్పు. రేపు పై కొండ మీద ఇంకెవుడి కట్టో ఎర్రనీరు కారుద్ది. ఆడొచ్చి నన్నడుగుతాడు, అన్నా, ఇంజినీరుకి సెప్పాలా, ఆకులు కప్పేసి ఊరుకోవాలా అని. ఆడికేటి సెప్పమంటావు?"

"చెప్పమను. తప్పకుండా చెప్పమను."

"సెప్తే ఆడికేటొత్తాది?"

వాదనలో నేను నోరు మూసుకున్న సందర్భాలు రెండే, రెండూ ఆ కట్ట గురించే. రేపు అటు జీపులో వెళ్లబోయేది మీరు. పై కొండ మీద ఆ రైతు మీకు టీ ఇస్తాడు, ఆకుల పరుపు ముందు నిలబెడతాడు, అదే మాట అడుగుతాడు. సెప్తే ఆడికేటొత్తాది?